భర్త పోయాక ఐవీఎఫ్: షరియత్‌లో ఏ అభిప్రాయం ఏమంటుంది, ఎవరు ఏది ఎంచుకోవాలి

ఐవీఎఫ్ సెంటర్‌లో సంతకం పెట్టించుకునే కాగితాల్లో ఒక ప్రశ్న ఉంటుంది. మీ ఇద్దరిలో ఎవరికైనా ఏమైనా అయితే, ఫ్రీజ్ చేసి ఉంచిన పిండాలను గానీ వీర్యాన్ని గానీ ఏం చేయమంటారు? పిల్లల కోసం ఆశగా వచ్చినవాళ్లకు చావు మాట ఎత్తడమే ఇష్టం ఉండదు. నర్సు వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టేసి లేచి వచ్చేస్తారు. ముస్లిం దంపతులు మాత్రం ఆ ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. అక్కడ దేశ చట్టం ఒప్పుకునే జవాబు, వాళ్లు పాటించే మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) ఒప్పుకునే జవాబు వేరు కావచ్చు.

ఫత్వా, అంటే ధర్మశాస్త్ర తీర్పు, ఇవ్వడం నా పని కాదు, అది ముఫ్తీ సాబ్ పని. ఎవరు ఏమన్నారు, ఎందుకన్నారు, ఏ దారిన వెళ్తే ఏ చిక్కు ఎదురవుతుంది అన్నవి పక్కపక్కన పెట్టి చూపిస్తాను. నా మొగ్గు ఎటో కూడా దాచను.

ముందు ఒక ముడి విప్పుకోవాలి. ఇళ్లలో ఈ మాట వస్తే "హలాలా, హరామా" అని ఒక్క ప్రశ్నే అడుగుతారు. నిజానికి ఇక్కడ ఉన్నవి మూడు. ఆ పని చేయడం జాయిజేనా, అంటే ధర్మసమ్మతమేనా? పుట్టిన బిడ్డ నసబ్, అంటే వంశం, చనిపోయిన తండ్రికి చెందుతుందా? ఆ బిడ్డకు తండ్రి ఆస్తిలో వాటా వస్తుందా? పండితుల్లో చాలామంది ఈ మూడింటికీ ఒకే జవాబు ఇవ్వరు. పని తప్పు అన్నవారే బిడ్డ మాత్రం ఆ తండ్రి బిడ్డే అనవచ్చు. పని తప్పు కాదన్నవారే వాటా మాత్రం రాదనవచ్చు. ఈ తేడా తెలియక కుటుంబాలు పోట్లాడుకుంటాయి.

ఎక్కడ అభిప్రాయభేదం లేదు

భర్త బతికి ఉండగానే పిండాన్ని గర్భసంచిలో పెట్టి, ఆ తర్వాత ఆయన చనిపోతే ఏ గొడవా లేదు. అది మామూలు గర్భం కిందే లెక్క. భర్త పోయిన స్త్రీకి ఇద్దత్, అంటే మళ్లీ పెళ్లికి ముందు ఆగాల్సిన గడువు, 4 నెలల 10 రోజులు (ఖురాన్ 2:234). గర్భవతి అయితే కాన్పు అయ్యేదాకా (65:4). కడుపులో ఉన్న బిడ్డ వాటాను పక్కన పెట్టి ఉంచాలని, ప్రాణంతో పుడితే ఇవ్వాలని పాత ఫిఖ్‌ (ధర్మశాస్త్ర) గ్రంథాలే చెబుతున్నాయి. ఈ స్థితిలో ఉన్నవారు ఫత్వా కోసం టెన్షన్ పడక్కర్లేదు. పిండం ఏ రోజు పెట్టారో తెలిపే ఆస్పత్రి కాగితం ఒకటి దాచుకుంటే చాలు.

అలాగే, ఆమె మరో పెళ్లి చేసుకున్నాక మొదటి భర్త వీర్యం వాడటానికి సున్నీ మజ్‌హబ్‌లలో చోటే లేదు. చర్చంతా ఈ రెండింటి మధ్య ఉన్న స్థితుల గురించే.

"కాదు" అనేవారి వాదన

1978 జూలైలో ఇంగ్లండ్‌లో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ, అదే ఏడాది అక్టోబరులో కోల్‌కతాలో మన దేశపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టారు. తర్వాత రెండేళ్లలోపే, 1980 మార్చిలో, ఈజిప్టు ముఫ్తీ షేక్ జాదల్ హక్ ఫత్వా ఇచ్చారు. భార్య అండం, భర్త వీర్యం, భార్య గర్భసంచి అయితే సరే, మూడో మనిషి వస్తే కుదరదు అన్నది దాని సారం. 1983లో కువైట్‌లో వైద్యులు, ఫిఖ్ పండితులు కలిసి జరిపిన సదస్సు ఇంకో మాట స్పష్టంగా చేర్చింది: దాంపత్యం నిలిచి ఉన్నంత కాలమే. 1986లో అమ్మాన్‌లో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ ఏడు పద్ధతులను పరిశీలించి ఐదింటిని కాదంది, భార్యాభర్తలకే పరిమితమైన రెండింటిని ఒప్పుకుంది. ట్యునీషియా 2001లో ఏకంగా చట్టంలోనే రాసుకుంది: ఇద్దరూ వివాహితులై ఉండాలి, ఇద్దరూ బతికి ఉండాలి.

సున్నీ పండితుల్లో ఎక్కువమంది తర్కం సూటిగా ఉంటుంది. చావుతో నికా, అంటే పెళ్లి బంధం, ముగుస్తుంది. ఇద్దత్ దాటిన మర్నాడే ఆమె ఇంకొకరిని పెళ్లి చేసుకోవచ్చు కదా, మరి ఇంకా అతని భార్యే అని ఎలా అంటాం? అది ఒకటి. నసబ్ కలగాపులగం కాకుండా కాపాడటం షరియత్ ముఖ్య లక్ష్యాల్లో ఒకటి, భర్త లేనప్పుడు మొదలైన గర్భం మీద ఎవరైనా వేలెత్తి చూపే వీలుంటుంది అన్నది రెండోది. బిడ్డను పుట్టకముందే తండ్రి లేనిదాన్ని చేస్తున్నాం కదా అన్నది మూడోది. ఈ మూడోది నాకు అంత బలంగా అనిపించదు. యతీముల (తండ్రి లేని పిల్లల) బాధ్యత ఎలా మోయాలో ఖురాన్ అంత వివరంగా చెప్పిన మతంలో, తండ్రి లేకపోవడమే అడ్డు అనడం కష్టం. మొదటి వాదన మాత్రం చాలా గట్టిది. దాన్ని దాటాలంటే ఎదుటివారు నికాకు సంబంధించి ఏదో ఒకటి ఇంకా మిగిలి ఉందని చూపించాలి. వాళ్లు సరిగ్గా అదే పని చేశారు.

"ఇద్దత్ లోపు అయితే సరే" అనేవారు ఎక్కడినుంచి వచ్చారు

ఈ వాదన మయ్యిత్‌కు (భౌతికకాయానికి) స్నానం చేయించే దగ్గర మొదలవుతుంది. మగవారి మయ్యిత్‌కు మగవారే గుస్ల్, అంటే ఆ స్నానం, ఇవ్వాలి. కానీ భార్య తన భర్తకు ఇవ్వవచ్చని సున్నీల నాలుగు మజ్‌హబ్‌లూ ఒప్పుకుంటాయి. మొదటి ఖలీఫా హజ్రత్ అబూబకర్ మయ్యిత్‌కు ఆయన భార్య అస్మా బింతె ఉమైస్ గుస్ల్ ఇచ్చారు. నికా పూర్తిగా తెగిపోతే ఆమె చేయి ఆయన ఒంటిమీద ఎలా పడుతుంది? ఇద్దత్ నడిచినంత కాలం నికా తాలూకు ప్రభావం కొంత మిగిలే ఉంటుందని ఆ నాలుగింటిలో ఒకరైన హనఫీలు జవాబు చెప్పారు. ఆ లెక్క ప్రకారమే, భార్య చనిపోతే భర్త ఆమెకు గుస్ల్ ఇవ్వకూడదన్నారు, అతనికి ఇద్దత్ లేదు కాబట్టి. మిగతా మూడు మజ్‌హబ్‌లు దానికీ ఒప్పుకుంటాయి. ప్రవక్త కుమార్తె హజ్రత్ ఫాతిమాకు ఆమె భర్త హజ్రత్ అలీయే గుస్ల్ ఇచ్చారన్న కథనం వాళ్ల ఆధారాల్లో ఒకటి.

నేటి పండితుల్లో కొద్దిమంది ఈ దారం పట్టుకున్నారు. ఇద్దత్‌లో నికా ప్రభావం మిగిలి ఉంటే, ఆ గడువు లోపల, భర్త బతికి ఉండగా రాసి ఇచ్చిన అనుమతితో, వీర్యం తారుమారు కాలేదన్న రుజువుతో చేస్తే జాయిజే అన్నారు. ఎదురు పక్షం ఊరుకోలేదు. చివరిసారి నీళ్లు పోయడానికి సరిపోయే బంధం కొత్తగా గర్భం దాల్చడానికి కూడా సరిపోతుందా అని అడిగారు. ఇద్దత్ పెట్టిందే కడుపులో ఇప్పటికే బిడ్డ ఉందేమో తేల్చుకోవడానికి కదా, లేని గర్భాన్ని తెచ్చుకోవడానికా అని కూడా అడిగారు. చదివినంతలో ఈ రెండో ప్రశ్నకు అవతలి నుంచి నాకు తృప్తినిచ్చే జవాబు దొరకలేదు.

ఆచరణలో ఇంకో ఇబ్బంది ఉంది. 4 నెలల 10 రోజులంటే సుమారు 130 రోజులు. మొదటి నలభై రోజులు ఇంట్లో వచ్చేవారు, పోయేవారు. ఆ తర్వాత ఆస్తి కాగితాలు, బ్యాంకు, ఇన్సూరెన్సు. ఆ మిగిలిన రోజుల్లో జీవితాంతం మోయాల్సిన నిర్ణయం తీసుకోవాలి. గడువు దాటిపోతుందన్న తొందరలో "చేసేద్దాం" అనుకోవడం, ముందే భార్యాభర్తలు మాట్లాడుకుని "చేద్దాం" అనుకోవడం ఒకటి కావు.

పిండం వేరు, వీర్యం వేరు

అడిగేటప్పుడు చాలామంది కలిపేసేది ఇక్కడే. ఫ్రీజర్‌లో ఉన్నది ఏమిటి?

భర్త బతికి ఉండగా అండం, వీర్యం కలిసి తయారైన పిండం అయితే, ఫలదీకరణ నికాలోనే జరిగింది. మిగిలింది దాన్ని గర్భసంచిలోకి చేర్చడమే. అందుకే ఒప్పుకునే కొద్దిమందిలోనూ పిండం విషయంలో మెతకగా ఉండి, వీర్యం విషయంలో వెనక్కి తగ్గేవారు ఉన్నారు. పెద్ద సంస్థల వైఖరి మాత్రం పిండానికీ కఠినమే. 1990లో జిద్దాలో అదే ఫిఖ్ అకాడమీ, అవసరానికి మించి అండాలను ఫలదీకరించనే వద్దని, మిగిలితే వైద్య సాయం లేకుండా వాటంతట అవే ముగిసిపోనివ్వాలని చెప్పింది.

వీర్యం మాత్రమే ఉంటే, అసలు గర్భధారణ మొదలయ్యేదే భర్త పోయాక. "కాదు" అనేవారి వాదన మొత్తం బలంగా తగిలేది ఇక్కడ. ఇక చనిపోయాక శరీరంలోంచి వీర్యం తీయించడమైతే ఇంకా కష్టం. మయ్యిత్ గౌరవం అన్న ప్రశ్న అదనంగా వచ్చి చేరుతుంది, పైగా అలాంటప్పుడు భర్త అనుమతి సాధారణంగా ఉండదు. ఈ మూడో దారి గురించి నా మాట ఒక్కటే: సున్నీ కుటుంబం ఏదీ అటు వెళ్లకపోవడమే మేలు.

షియా మార్గం

ఇరాన్ కథ వేరు. అక్కడ 2003లో పిండదానానికి చట్టమే వచ్చింది, అదీ పెళ్లయిన దంపతుల నుంచి పెళ్లయిన దంపతులకు. చనిపోయిన భర్త వీర్యంతో భార్య అండాన్ని ఫలదీకరించవచ్చా అన్న ప్రశ్నకు ఆయతుల్లా ఖామెనీ ఇచ్చిన జవాబు ఆయన ఫత్వాల సంకలనంలో ఉంది. ఆ పని స్వతహాగా తప్పు కాదు, బిడ్డ తల్లికి చెందుతుంది, తండ్రికి చెందుతుందనడమూ దూరం కాదు, కానీ తండ్రి ఆస్తిలో వారసత్వం రాదు. మూడు ప్రశ్నలకు మూడు వేర్వేరు జవాబులు ఎలా వస్తాయో ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇరాన్ సివిల్ కోడ్ 875వ అధికరణ కూడా మరణించే సమయానికే నుత్ఫా (గర్భబీజం) ఏర్పడి ఉండాలని, ప్రాణంతో పుట్టాలని అంటుంది. అప్పటికే తయారైన పిండం దీని కిందికి వస్తుందా అన్నది వాదించదగ్గ మాట, ఉత్త వీర్యం మాత్రం రాదు.

షియాలందరికీ ఇదే వర్తిస్తుందనుకోకండి. ఎవరి మర్జా (తాము అనుసరించే పెద్ద మతపండితుడు) మాట వారిది. హైదరాబాద్‌లో దారుల్‌షిఫా, నూర్‌ఖాన్ బజార్ వైపు ఉండే కుటుంబాల్లోనే ఒక ఇంట్లో ఇద్దరు వేర్వేరు మర్జాలను అనుసరించడం ఉంది. భర్త మర్జా ఎవరు, భార్య మర్జా ఎవరు అన్నది ముందే తేల్చుకోవాలి. ఇక సున్నీ అయి ఉండి, ఇక్కడ వెసులుబాటు ఉంది కదా అని ఈ ఒక్క విషయానికి ఇటు దూకడం నాకు నచ్చదు. రేపు వారసత్వం గొడవ వచ్చినప్పుడు ఏ లెక్క పాటిస్తారో చెప్పలేని స్థితిలో పడతారు.

ఆస్తి దగ్గరే అసలు సెగ

ఇంట్లో మాట పెరిగేది ధర్మసందేహం దగ్గర కంటే ఇక్కడే ఎక్కువ. ఒక లెక్క చూడండి. అప్పులు, మెహర్ (భార్యకు ఇవ్వాల్సిన వధుధనం), అంత్యక్రియల ఖర్చు పోను 24 లక్షలు మిగిల్చి ఒకాయన చనిపోయాడు. భార్య, తల్లి, ఒక తమ్ముడు ఉన్నారు. పిల్లలు లేరు. హనఫీ లెక్కలో భార్యకు నాలుగో వంతు 6 లక్షలు, తల్లికి మూడో వంతు 8 లక్షలు, మిగిలిన 10 లక్షలు తమ్ముడికి.

ఇప్పుడు ఒక కొడుకు వారసుడిగా వస్తే? భార్యకు ఎనిమిదో వంతు 3 లక్షలు, తల్లికి ఆరో వంతు 4 లక్షలు, కొడుక్కు 17 లక్షలు. తమ్ముడికి సున్నా. కూతురైతే ఆమెకు 12, తల్లికి 4, భార్యకు 3, తమ్ముడికి 5.

భార్య, తల్లి, తమ్ముడు ముగ్గురి వాటాలూ మారిపోయాయి. తమ్ముడిదైతే పదినుంచి సున్నాకు వచ్చింది. పంపకాలు అయిపోయిన ఏడాదికో రెండేళ్లకో పిండం పెట్టించుకుని కొడుకు పుడితే, ఇచ్చినదంతా వెనక్కి తేవాలా? చనిపోయే నాటికి ఉన్నవారే వారసులన్న నియమాన్ని పండితులు అంత గట్టిగా పట్టుకోవడానికి ఇదే కారణం. వదిన మీద అనుమానం అనుకోనక్కర్లేదు. (షియా లెక్కలో తల్లి ఉండగా తమ్ముడికి ఎలాగూ రాదు, కాబట్టి అక్కడ ఈ గొడవ రూపం వేరు.)

"హనఫీలో గర్భానికి గరిష్ఠ గడువు రెండేళ్లు కదా, ఆ లోపు పుడితే వాటా వస్తుంది" అని కొందరు చెబుతుంటారు. ఆ గడువు పెట్టింది, గర్భం భర్త ఉండగానే వచ్చి ఉండొచ్చు అన్న అనుమానపు లాభాన్ని తల్లికి ఇవ్వడానికి. పిండం ఏ తేదీన పెట్టారో ఆస్పత్రి రికార్డులో ఉన్నాక ఆ అనుమానానికే తావు లేదు. ఈ వాదన మీద ఆశలు పెట్టుకోవద్దు.

బిడ్డకు ఏదైనా దక్కాలనుకుంటే వీలునామా మీద ఆధారపడటమూ కష్టమే. వారసులు కానివారికి వసీయత్ మూడో వంతు దాటకూడదు, ఇంకా కడుపులోనే పడని బిడ్డ పేరిట రాస్తే హనఫీ నియమం ప్రకారం చెల్లదు. నిలబడే దారి హిబా, అంటే బతికి ఉండగా ఇచ్చే బహుమతి. భర్త బతికి ఉండగానే భార్యకు కొంత హిబా చేసి, స్వాధీనం కూడా అప్పగించాలి. తర్వాత ఆమె తన బిడ్డకు ఇచ్చుకుంటుంది. లేదా బిడ్డ పుట్టాక నాయనమ్మ, బాబాయి ఇష్టపూర్వకంగా ఇవ్వవచ్చు.

మన చట్టం ఏం ఒప్పుకుంటుంది

2021 ఏఆర్‌టీ (సహాయక సంతాన సాంకేతికత) చట్టం ప్రకారం, దంపతుల్లో ఒకరు చనిపోతే లేదా అశక్తులైతే ఏం చేయాలో రాతపూర్వక సూచన లేకుండా క్లినిక్ పిండాలను గానీ వీర్యాన్ని గానీ ఫ్రీజ్ చేయకూడదు. మరణానంతరం సేకరణకూ ముందస్తు అనుమతి కావాలి. పిండాలను పదేళ్లకు మించి ఉంచరు. స్త్రీకి వయసు పరిమితి 50. భర్త లేని స్త్రీ క్లినిక్‌కు వెళ్లడానికి ఈ చట్టం అడ్డు చెప్పదు. 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు, అనుమతి ఉన్నట్టు రుజువైతే మరణానంతర సంతానంపై మన చట్టంలో నిషేధం లేదని చెప్పింది. అది కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులు వేసిన కేసు. తెలంగాణలోనూ భర్త పోయిన నెలల తర్వాత అతని వీర్యంతో గర్భం దాల్చి బిడ్డను కన్న తల్లి ఉదంతం 2022లో పత్రికల్లో వచ్చింది.

కాబట్టి చట్టం తలుపు తెరిచే ఉంది. కానీ వారసత్వానికి వచ్చేసరికి ముస్లింలకు 1937 షరియత్ చట్టం వర్తిస్తుంది. భారతీయ సాక్ష్య అధినియం 116వ సెక్షన్ ప్రకారం వివాహం ముగిసిన 280 రోజుల్లోపు పుడితే, తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉంటే, ఆ భర్త బిడ్డే అనడానికి తిరుగులేని రుజువు. ఆ తర్వాత పుడితే అనుమతి పత్రం, క్లినిక్ రికార్డు, డీఎన్ఏతో మీరే నిరూపించుకోవాలి. బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు వచ్చినంత మాత్రాన ఆస్తిలో వాటా వచ్చినట్టు కాదు.

భార్య చనిపోతే

ఈ పక్క పెద్దగా చర్చ లేదు. పిండం ఉన్నా మోసే గర్భసంచి లేదు, అద్దె గర్భాన్ని సున్నీ సంస్థలు ఒప్పుకోవు. మక్కాలోని ఫిఖ్ కౌన్సిల్ 1984లో ఒక భార్య పిండాన్ని మరో భార్య మోయవచ్చని చెప్పి, మరుసటి ఏడాదే వెనక్కి తీసుకుంది. మోసే భార్యకు అదే సమయంలో సొంత గర్భం కూడా వస్తే ఏ బిడ్డ ఎవరిదో తేలదన్నది ఒక కారణం. భార్య పోయిన భర్త ముందు మిగిలింది ఆ పిండాలను ముగించేయమని రాసివ్వడమే.

మరి ఏది ఎంచుకోవాలి

ఇప్పుడే ఐవీఎఫ్ మొదలుపెడుతున్న సున్నీ దంపతులైతే, హనఫీ గానీ, హైదరాబాద్ బార్కస్ వైపు షాఫయీ గానీ, వీర్యం విషయంలో "మరణిస్తే నాశనం చేయండి" అని రాయడం నా సలహా. పిండం విషయంలో మీ ముఫ్తీని అడిగి రాయండి. ఆయన కాదంటే అక్కడా అదే మాట. ఫారంలో "వేరే దంపతులకు దానం" అన్న గడి కూడా ఉండొచ్చు, అది మాత్రం చూసుకోకుండా టిక్ పెట్టకండి. కీమోథెరపీకి ముందు వీర్యం ఫ్రీజ్ చేయించుకుంటున్న యువకుడైతే సంగతి ఇంకా ముఖ్యం. ఫ్రీజ్ చేయించడంలో తప్పు లేదు, అది బతికి బయటపడ్డాక వాడుకోవడానికి. ఆ ఉద్దేశం కాగితం మీద ఉంటే, రేపు భార్య మీద అటూ ఇటూ ఒత్తిడి పడదు.

భర్త ఇప్పటికే చనిపోయి, ఫ్రీజర్‌లో పిండం ఉండి, ఆయన రాతపూర్వక అనుమతి ఉండి, ఇద్దత్ ఇంకా నడుస్తుంటే, తక్కువమంది అభిప్రాయానికి కాస్తయినా ఆధారం దొరికే పరిస్థితి ఇదొక్కటే. ఈ దారి పట్టాలనుకుంటే వాటా ఆశ వదిలేసుకుని పట్టడం మంచిది. అత్తింటివారితో ఆ మాట ముందే తేల్చి, స్టాంపు పేపర్ మీద పెట్టుకుంటే సగం యుద్ధం తప్పుతుంది. అయితే బిడ్డ హక్కును పుట్టకముందే తల్లి వదులుకుంటే చెల్లుతుందా అన్నది లాయర్‌ను అడిగి రాయించండి. ఇద్దత్ దాటిపోయి, ఉన్నది వీర్యం మాత్రమే అయితే, సున్నీ మార్గంలో ఆధారం వెతుక్కోవడం మానేయడమే నిజాయితీ. మళ్లీ నికా చేసుకోవడమో, యతీమ్ బిడ్డను సొంత తండ్రి పేరుతోనే ఉంచి పెంచుకోవడమో, ఈ రెంటికీ ఎవరి అడ్డూ లేదు.

బిడ్డ ఇప్పటికే పుట్టి ఉంటే, లేదా కడుపులో ఉంటే, పని తప్పా ఒప్పా అన్న చర్చ ఇంట్లో ఇక ఆపేయాలి. దాన్ని చాలామంది పండితులు జినా (వ్యభిచారం) కింద లెక్కకట్టరు. వీర్యం ఆయనదే, ఆమె ఆయన భార్యే కాబట్టి నసబ్ తండ్రికే చెందుతుందనేవారు కాదనేవారిలోనూ ఉన్నారు. అడగాల్సింది నసబ్, వాటా గురించి మాత్రమే.

అడగడం కూడా సగం సగం అడగొద్దు. జామియా నిజామియా మదర్సాకు రాసినా, దేవ్‌బంద్‌కు రాసినా, మీ ఊరి ముఫ్తీ సాబ్ దగ్గర కూర్చున్నా ప్రశ్నలో ఇవన్నీ ఉండాలి: ఉన్నది పిండమా వీర్యమా, ఏ తేదీన తయారైంది, భర్త ఏ తేదీన చనిపోయారు, ఇద్దత్ ఏ రోజుకు ముగుస్తుంది, ఆయన ఫారంలో ఏ గడి దగ్గర సంతకం పెట్టారు, వారసులు ఎవరెవరు, ఆస్తి పంచేశారా లేదా. తర్వాత మూడు ప్రశ్నలనూ విడివిడిగా అడిగి, జవాబును ముద్రతో రాతపూర్వకంగా తీసుకోండి. క్లినిక్ ఫారం జిరాక్స్ జత చేయండి. పెట్టిన సంతకం గుర్తులేకపోతే కాపీ అడిగి తెచ్చుకోండి. ఇద్దరూ బతికి ఉండగా ఆ జవాబు మార్చుకోవాలనిపిస్తే, పిండం గర్భసంచిలోకి వెళ్లే ముందు ఎప్పుడైనా అనుమతి వెనక్కి తీసుకునే వీలు చట్టంలో ఉంది.